చక్కెర పూలు

ఆ ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది ఓవెన్. దాని వెనకాలే అత్తగారు, ఆ తరవాతే సూర్యుడు. వెనక గదిలో కొడుకు కేకులు కాల్చి దుకాణాలకు వేస్తాడు, ఆవిడ వాటిమీదికి చక్కెర ముద్దతో పూలు చేస్తుంది. మెత్తటి చక్కెర పొడి తలుపు గొళ్ళెం మీద కూడా పేరుకుని ఉంటుంది. తీపి అమ్ముకుని బతికే ఆ ఇంట్లోనే ఎనిమిదేళ్ళ పిల్లకి షుగరు జబ్బు వచ్చింది. దేవుడికి ఒక్కోసారి వేళాకోళం మరీ ఎక్కువవుతుంది.

పిల్లని అందరూ పిచ్చుక అంటారు. జబ్బు బయటపడ్డప్పటి నుంచి దాని తల్లికి కంటినిండా నిద్ర లేదు. పూటపూటకీ వేలు పొడిచి చూడాలి, తినేముందు సూది వెయ్యాలి. పిచ్చుక ఏడ్చేది కాదు. పొడవగానే వేలు నోట్లో పెట్టుకునేది. మురికి చెయ్యి అని తల్లి ఎన్నిసార్లు కసిరినా ఆ అలవాటు పోలేదు.

ఆ రోజు బడి బస్సుకి ఆలస్యమైంది. తల్లి పిల్లకి మొహం, చేతులు కడిగి బట్టలు వేసి, మధ్యాహ్నం డబ్బా సర్దడానికి వంటింట్లోకి వెళ్ళింది. డబ్బా మూత పెట్టి కేకేస్తే పిచ్చుక ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చింది. తల్లి దాని వేలు పొడిచి, రక్తపు చుక్క షుగరు మిషను పట్టీకి అంటించింది. పిల్ల వేలుని గౌనుకి తుడుచుకుంది. మిషను మీద అంకె వెలిగింది. మూడొందల ఎనభై.

తల్లి ఆ అంకెని రెండోసారి చదివింది. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉంది, పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పట్టలేదు. అత్తయ్య కాక తీపి ఇంకెవరు పెడతారు? పోయిన నెల ఇలాగే పిల్ల షుగరు ఆకాశానికంటితే, నాకేం తెలీదన్న అత్తగారే సాయంత్రానికి ఏడుస్తూ ఒప్పుకుంది, ముద్దొచ్చి చెంచాడు క్రీము పెట్టానని. ఆ రోజే తల్లి వెనక గది గడప తొక్కొద్దని పిల్లకి ఆంక్ష పెట్టింది. ఆవిడ మాట మీద నమ్మకం కూడా ఆ రోజే పోయింది.

"అత్తయ్యా, దీనికేం పెట్టారు?"

ఆవిడ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అంకె చూసి మొహం పాలిపోయింది.

"నేనేం పెట్టలేదమ్మాయ్."

"పోయిన నెల కూడా ఇదే మాటన్నారు."

ఆవిడ చూపు తప్పించి, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. ఏదో దాస్తోందని తల్లికి ఇట్టే తెలిసిపోయింది. కొడుకు పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, ముందు పిల్ల సంగతి చూడమని ఒకరికీ, కాస్త ఊరుకోమని ఇంకొకరికీ చెప్పబోయి అడకత్తెరలో పోకచెక్కలా నిలబడిపోయాడు. నామీద అంత అనుమానమైతే కూతురింటికి పోతానని ఆవిడ అంది. పొమ్మనే అంది కోడలు. ఆ మాట నోరుజారి వచ్చింది కాదు, నెలనుంచీ గొంతులో కాచుకుని ఉన్నదే.

"నేను తినలేదమ్మా," అంది పిచ్చుక, నెమ్మదిగా.

"నోర్ముయ్. అబద్ధాలు కూడా నేర్చావు. నేర్పినవాళ్ళు ఇక్కడే ఉన్నారు."

పిల్ల మొహం చిన్నబోయింది. సూదులకి ఏడవని పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తల్లి ఇన్సులిన్ పెన్ను తీసి మామూలు మోతాదు మీద ఇంకాస్త పెంచింది. ఇంత అంకెకి ఇంత అని డాక్టరు చెప్పిన లెక్కే అది. గౌను పైకెత్తి తొడ దగ్గర చర్మం పట్టుకోబోతుంటే, గౌను అంచున ఎర్రటి మరక కనిపించింది. చెయ్యి ఆగింది.

"వేలు నోట్లో పెట్టుకోకుండా గౌనుకెందుకు తుడిచావు?"

పిచ్చుక నానమ్మ వైపు చూసింది. ఆవిడ తల దించుకుంది.

"చేతికి చక్కెర ఉంది కదమ్మా. నోట్లోకి పోతుందని."

తల్లి ఆ చిన్న అరచెయ్యి తిప్పి చూసింది. వేళ్ళ సందుల్లో తెల్లటి పొడి, గోళ్ళల్లో గులాబీ రంగు. పొడిచే ముందు చేతులు కడిగించాలి, తీపి అంటుకుంటే అంకె అబద్ధం చెబుతుంది అని నర్సు మొదటిరోజే చెప్పింది. కడిగింది తనే కదా అనుకుంది. ఆ తరవాత డబ్బా సర్దేలోపు పిల్ల ఎక్కడికి పోయిందో అడగలేదు.

పిల్లని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి, సబ్బుతో రుద్ది రుద్ది కడిగి తుడిచింది. ఇంకో వేలు పొడిచింది. నూట పన్నెండు. ఉండాల్సినంతే.

తల్లి అక్కడే నేలమీద కూలబడింది. ఎక్కువ పెట్టిన ఆ మందు ఒంట్లోకి వెళ్ళుంటే, షుగరు పడిపోయి పిల్ల బస్సులోనే కళ్ళు తేలేసేది. చేజేతులా తనే చేసేది.

"పిల్ల రోజూ పూలు చేయడానికి నా దగ్గరికి వస్తుంది," అంది అత్తగారు గుమ్మం పట్టుకుని. "తినకూడదన్నారు, కనీసం చేత్తో ముట్టుకోనీ అనుకున్నా. ఒక్కనాడూ నోటి దగ్గరికి పోనివ్వలేదు. ఇవాళ నీ కేకకి చెయ్యి కడగకుండానే పరుగెత్తింది. చెబితే అదీ మాన్పిస్తావని దాచాను. తప్పే."

"మీరు నిజం చెప్పినా వినే చెవి నాకు లేకపోయింది అత్తయ్యా," అంది కోడలు. "ఎక్కడికీ పోకండి. రేపట్నుంచి ఆ పూలు ఇద్దరూ వంటింట్లో, కుళాయి పక్కన చేయండి. నేనూ చూస్తాను."

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. బయట బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. ఎవరూ లేవలేదు.

పిచ్చుక ఇంకా రెండో వేలు గాల్లోనే పట్టుకుని ఉంది. దానిమీద చుక్క చిక్కబడుతోంది.

"అమ్మా, కడుక్కున్నాను కదా. ఇప్పుడు నోట్లో పెట్టుకోవచ్చా?"

రోజూ కసిరే తల్లి ఈసారి కసరలేదు. ఆ చెయ్యి అందుకుని, ఆ వేలుని తన పెదాలకి ఆనించుకుని ఏడ్చేసింది.