సగం ఒంటె

ఆ ఒంటెకి లోకమంటే అంత చులకన ఎందుకో దాన్ని చేసినవాళ్ళకే తెలియాలి. పింగాణీ ఒంటె. కడుపులో టీ పోసి వంచితే నోట్లోంచి కప్పులో పడుతుంది. వంకర తిరిగిన తోకే పిడి. మూపురమే మూత. పాత సామాన్ల సంతలో, మాడిపోయిన ఇస్త్రీ పెట్టెకీ, ముళ్ళు లేని గడియారానికీ మధ్య నిలబడి, వచ్చేపోయే వాళ్ళందరినీ పైనుంచి కిందికి చూస్తోంది.

ఆమె దాని మెడ పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఎటునుంచో ఒక చెయ్యి వచ్చి మూపురం పట్టుకుంది.

"ఇది నేను తీసుకున్నానండీ," అంది ఆమె.

"మీరు మెడ తీసుకున్నారు. మూపురం నేను తీసుకున్నాను," అన్నాడు ఆ చేతి తాలూకు మనిషి.

ఆ సంతలో ఒక రూలుంది. వస్తువు మీద చెయ్యి వేసినవాళ్ళు చెయ్యి తీసేదాకా షాపువాడు ఇంకొకరితో బేరం ఆడడు. తీస్తే హక్కు పోయినట్టే. రెండు చేతులు ఒకేసారి పడితే ఏం చెయ్యాలో ఆ రూలు పెట్టినవాళ్ళు ఆలోచించలేదు. షాపు పెద్దాయన ఇద్దర్నీ చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరో ఒకరు తియ్యండి. నాకేం తొందర లేదు."

ఎవరూ తియ్యలేదు. పావుగంట గడిచింది. వాన మొదలైంది. పైన కట్టిన పట్టా చిరుగులోంచి నీళ్ళధార సరిగ్గా అతని భుజం మీద పడుతోంది.

"కొంచెం పక్కకి జరగండి, తడిసిపోతారు," అంది ఆమె ఎంతో జాలిగా.

"జరగాలంటే చెయ్యి తియ్యాలి కదండీ."

"అందుకే చెబుతున్నాను."

అతను నవ్వాపుకుని అడిగాడు. "ఇంత అనాకారి ఒంటె మీకెందుకండీ?"

"నేను కట్టుడు పళ్ళు చేస్తాను. దీని పళ్ళు చూడండి. కిందివి ముందుకొచ్చి, పైవి లోపలికెళ్ళి... ఎనిమిదేళ్ళలో ఇంత దరిద్రమైన దవడ నా టేబుల్ మీదకి రాలేదు. మరి మీకెందుకు?"

"అచ్చం మా మేనేజర్లా ఉంది. నేను లిఫ్టులు రిపేరు చేస్తాను. రోజూ ఆయన ముందు నేను నిలబడుతున్నాను. ఒక్కసారి ఈయన్ని నా ముందు నిలబెట్టుకుందామని."

పెద్దాయనకి ఇంటికెళ్ళే వేళైంది. లేచి వచ్చి, రెండు చేతుల మధ్యనుంచి మూపురం మూత ఊడదీసి ఒంటెని రెండు చేశాడు. "ఒంటె అమ్మాయికి. మూపురం అబ్బాయికి. డబ్బు చెరి సగం ఇచ్చి తీసుకెళ్ళండి. ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి మార్చుకోండి. నన్ను మాత్రం వదిలెయ్యండి."

అలా ఇద్దరు బుద్ధిమంతులు, టీ కాచుకోవడానికి ఏమాత్రం పనికిరాని రెండు సగాలు పట్టుకుని, వానలో చెరో దారిన వెళ్ళారు.

ఆమె ఇంట్లోనూ ఒక రూలుంది. ఆమె ఉండేది అన్నా వదినల దగ్గర. హాల్లో ఒక గూడు ఆమెది. అందులో వెనక్కి తిరిగే గడియారం, పక్షి ముక్కుతో నిమ్మకాయ పిండే యంత్రం, బూటు ఆకారంలో ఉప్పు డబ్బా ఉన్నాయి. దాని జత బూటు, మిరియాలది, ఎక్కడుందో దేవుడికెరుక. వదిన ఒకటే షరతు పెట్టింది: వింతవి ఎన్ని తెచ్చినా సరే, విరిగినవి మాత్రం కనిపించిన రోజే, చెప్పాపెట్టకుండా బయటికి. ఆమె ఒప్పుకుంది. దుమ్ము దులిపేది వదిన కాబట్టి ఒప్పుకోక దారి లేదు.

ఆదివారాలు సాగాయి. ఒకవారం ఒంటె అతనికి, మూపురం ఆమెకి. మరువారం అటుదిటు. మార్చుకోవడానికి అర నిమిషం చాలు. కానీ మార్చుకున్నాక సంత గేటు దగ్గర టీ తాగడం, టీ అయ్యాక సంతంతా ఒకసారి తిరగడం, తిరిగాక ఇంకో టీ తాగడం పద్ధతిగా మారింది. టీ కెటిల్‌కి యజమానులైన ఇద్దరూ కాగితం కప్పుల్లో తాగేవారు. మూత పెట్టి ఒకసారి ఇందులోనే టీ పోసి చూద్దామని మాత్రం ఎవరూ అనలేదు. అంటే, ఎవరింట్లో అనే ప్రశ్న వస్తుంది.

"మేనేజర్ గారు ఎలా ఉన్నారు?" అని అతను ఒంటెని అడిగేవాడు.

"పళ్ళు కట్టించుకోమన్నాను. వినడం లేదు," అని ఆమె జవాబు చెప్పేది.

పదకొండో వారం, శనివారం పళ్ళ ల్యాబ్ నుంచి వచ్చి చూస్తే, ఇన్నాళ్ళూ గూట్లో నిమ్మకాయ యంత్రం వెనక దాచుకొస్తున్న ఒంటె లేదు.

"ఆ పగిలిన ఒంటెనా?" అంది వదిన బట్టలు మడతపెడుతూ. "పొద్దున పాత సామాన్లవాడికి ఇచ్చేశాను."

"పగల్లేదు వదినా."

"వీపు మీద ఇంత బొక్క ఉంటే పగిలినట్టు కాదా?"

"అది మూపురం ఉండే చోటు."

"మరి మూపురం ఏది?"

"ఒకతని దగ్గరుంది."

వదిన చేతిలో మడత ఆగిపోయింది. "ఒంటె మనింట్లో, మూపురం ఒకతని దగ్గర. బాగుంది. మీ అన్నయ్యకి ఇది నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

ఆమె వదిన మీద కోప్పడలేకపోయింది. రూలు రూలే. ఆ రాత్రి అర్థమైందేమిటంటే, పోయింది ఒంటె కాదు, ఆదివారం. ఒంటె లేకపోతే అతను రావడానికి కారణం లేదు. ఒంటె లేకపోయినా రండి అని అడగడానికి కావాల్సిన ధైర్యం ఏ సంతలోనూ, సెకండ్‌హ్యాండ్‌లో కూడా, దొరకదు.

కాబట్టి చదువుకున్నవాళ్ళు చేసే పనే చేసింది. అబద్ధం చెప్పింది.

"మర్చిపోయాను. ఇంట్లోనే ఉంది," అంది ఆదివారం.

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఆ రోజు రెండో టీ తాగలేదు. పనుందని వెళ్ళిపోయాడు.

తరువాతి వారం, "ఒంటె బాగుందా?" అన్నాడు.

"బాగుంది. ఇంటికి సున్నం వేయిస్తున్నారు, పైన అటక మీద పెట్టాం."

"పాపం, అటక మీద ఊపిరాడుతుందా దానికి?"

"ఒంటె కదండీ. ఓర్చుకుంటుంది."

మూడో వారానికి కారణాలు అయిపోయాయి. "జలుబు చేసింది," అంది.

"మీకా?"

"ఒంటెకి."

అతను తలవంచుకుని చాలాసేపు దగ్గాడు. రెండో టీ తాగాడు. మూడోది కూడా తాగాడు. అది ఆమెకి సంతోషంగానూ, అంతకంటే ఎక్కువ భయంగానూ ఉంది. ఇంత మంచిగా ఉన్న మనిషికి వారం వారం అబద్ధాలు వడ్డిస్తోంది.

నాలుగో ఆదివారం, జరిగిందంతా వదినకి చెప్పి, అతనికీ నిజం చెప్పేద్దామని బయల్దేరింది. వదిన చెప్పులేసుకుని వెంటపడింది.

"నువ్వెందుకు వదినా?"

"ఇచ్చింది నేను కాబట్టి తప్పు నాదని చెబుతాను."

"నేను చెప్పుకుంటాలే."

"మూడు వారాలుగా చెప్పుకున్నావుగా, అటక అనీ, జలుబనీ. పద."

అతను పెద్దాయన షాపు దగ్గరే నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ సంచి. వదిన మర్యాదగా రెండు షాపుల అవతల ఆగి, ఒక తుప్పు పట్టిన జల్లెడని ఎంతో శ్రద్ధగా పరీక్షించడం మొదలుపెట్టింది.

"మీకో మాట చెప్పాలి," అంది ఆమె. "ఒంటె లేదు. పాత సామాన్లవాడికి వెళ్ళిపోయి మూడు వారాలు దాటింది. మర్చిపోవడం, అటక, జలుబు, అన్నీ అబద్ధాలే. మీ సగం డబ్బు ఇచ్చేస్తాను."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

ఆమె ముళ్ళు లేని గడియారాన్ని చూస్తూ అంది. "చెబితే మీరు రారు కదా."

అతను సంచిలోంచి ఒంటెని తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే మూపురం పెట్టాడు.

ఆమె వంగి దాని పళ్ళు చూసింది. అదే దవడ. "ఎప్పుడు దొరికింది?"

"మీరు మర్చిపోయానన్న ఆదివారం పొద్దున్నే. ఆ పాత సామాన్లవాడు సరుకు వేసేది ఈ పెద్దాయనకే. మీరు వచ్చేసరికి ఇది నా సంచిలోనే ఉంది."

"అంటే మూడు వారాలు నా చేత అబద్ధాలాడించారా?"

"ఆడింది మీరు. నేను విన్నానంతే." అతని గొంతులో వేళాకోళం తగ్గింది. "మొదటి వారం నాకు ఒళ్ళు మండింది. వదిలించుకోవడానికి అమ్మేశారనుకున్నాను. ఇంటికెళ్ళి ఆలోచిస్తే, వదిలించుకునేవాళ్ళు వచ్చి అబద్ధం చెప్పరు కదా, అసలు రారు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్లో 'నాకేం భయం లేదండీ' అంటారు, ఆ గొంతు నాకు బాగా తెలుసు. 'ఒంటె బాగుంది' అన్నప్పుడు మీదీ అదే గొంతు."

"తెలిసి కూడా చెప్పలేదు."

"చెబితే మీకు రావాల్సిన పనుండదు. నాకూ అదే భయం."

వాన చినుకులు పట్టా మీద మొదలయ్యాయి. పెద్దాయన కుర్చీలోంచి అరిచాడు. "ఈసారి ఏ సగం ఎవరిది? త్వరగా తేల్చుకోండి, షాపు కట్టాలి."

అతను మూపురం తీసి ఒంటె వీపు మీద పెట్టి పట్టుకున్నాడు. పధ్నాలుగు వారాల్లో మొదటిసారి అది నిండు ఒంటె అయింది. ఆమె కూడా చెయ్యి వేసింది. కాకపోతే ఈసారి ఒంటె మీద కాదు, దాన్ని పట్టుకున్న అతని చేతి మీద పడింది. చూసుకునేసరికి ఆలస్యమైంది.

"ఇక్కడ రూలు తెలుసుగా," అన్నాడు అతను మెల్లగా. "తీస్తే హక్కు పోయినట్టే."

ఆమె తియ్యలేదు.

జల్లెడ పరీక్ష పూర్తయినట్టుంది. వదిన వచ్చి ఒంటెని ఒకసారి, అతన్ని రెండుసార్లు చూసింది.

"బాబూ, మా ఇంట్లోనూ ఒక రూలుంది. విరిగినవి ఉండకూడదు. ఇప్పుడిది విరగలేదు కాబట్టి తెచ్చుకోవచ్చు. కానీ ఆ గూట్లో నిన్ననే ఊరగాయ జాడీలు సర్దేశాను, చోటు లేదు. మీ ఇంట్లో ఉందా?"

"ఉందండీ. ఒక గూడు మొత్తం ఖాళీ చేశాను."

"ఒంటె ఒక్కదానికేనా?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. "వెనక్కి తిరిగే గడియారం కూడా పడుతుందండీ. బూటు కూడా. ఇంకా... సర్దుకుంటే అందరికీ సరిపోతుంది."

"అయితే సాయంత్రం ఇంటికి రా. ఆ మాటే వాళ్ళన్నయ్యతో చెబుదువుగాని," అంది వదిన. "ఒంటెని తెచ్చుకో, టీ అందులోనే పోద్దాం. చెయ్యి మాత్రం తీసి రా, మెట్లెక్కేటప్పుడు ఇబ్బంది."

సాయంత్రం నలుగురూ కూర్చున్నారు. వదిన ఒంటెని వంచింది. నోట్లోంచి ఒక్క చుక్క రాలేదు. టీ అంతా మూపురం పక్కనుంచి పొంగి అన్నయ్య చొక్కా మీద పడింది.

అన్నయ్య చొక్కా దులుపుకుంటూ, అప్పటిదాకా అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మర్చిపోయి, ఒక్కటే అడిగాడు.

"దీని కోసమా మీరిద్దరూ పోట్లాడుకుంది?"

"కాదు," అన్నారిద్దరూ.

ఒంటె ఎప్పటిలాగే అందరినీ పైనుంచి కిందికి చూసింది.