గురువారం అప్‌డేట్

"ఏమప్పా, మూడు రోజుల నుంచి ఫోన్ చేస్తాంటే ఇప్పుడా వచ్చేది?"

కోయిలకుంట్ల బజారులో రాఘవేంద్ర ప్రింటర్స్ గడప దాటకముందే ఓబుళేశుకు దొరికిన మర్యాద అది. డోన్‌లో కంప్యూటర్లు బాగుచేసే అంగడి నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎదురుగా కంప్యూటర్ ముందు ఒకమ్మాయి. చెంప మీద ఇంకు మరక ఉన్న సంగతి ఆమెకు తెలియదు, అందుకే అంత ధైర్యంగా కోప్పడుతోంది.

"బస్సు లేటయింది మేడం."

"రేపటికి రెండు పెండ్లి కార్డులియ్యాల. ఇదేమో మౌసు కదిపితే టీ తాగొచ్చినాక కదులుతాండాది."

ఓబుళేశు కుర్చీ లాక్కుని రెండు నిమిషాలు చూశాడు. నవ్వు ఆగలేదు.

"ఏంటికి నవ్వుతాండావు?"

"రెండు యాంటీవైరస్‌లు వేసినారు గదా మేడం."

"ఒకటి కన్నా రెండుంటే మేలే గదా?"

"ఒకే ఇంటికి ఇద్దరు వాచ్‌మెన్లను పెట్టి, ఒకని సంగతి ఇంకొకనికి చెప్పకుంటే ఏమైతాది? వీడు దొంగని వాడు, వాడు దొంగని వీడు జుట్టు జుట్టు పట్టుకుంటారు. అసలు దొంగ నింపాదిగా లోపలికి పోతాడు."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వు కనబడకూడదని.

"అయితే ఏది ఉంచాల?"

వేరే మెకానిక్ అయితే తన సంచిలోని కాపీ సీడీ తీసి తగిలించేవాడు. ఓబుళేశు అట్లాంటివాడు కాదు. వాళ్ల నాయన పుల్లయ్య బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టి కొడుకును బీఎస్సీ కంప్యూటర్స్ చదివించాడు. ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు ఇతనే. తెలిసింది తెలిసినట్టు చెప్పకపోతే ఆ చదువుకు ద్రోహం చేసినట్టేనని అతని నమ్మకం.

"ఈ కాపీది నెలకు చస్తాది, తీసేద్దాం. ఫ్రీది ఇంట్లో వాడుకునేటోళ్లకు చాలు. మీది ప్రెస్సు. ఊళ్లో ప్రతివాడూ పెన్‌డ్రైవ్ తెచ్చి గుచ్చుతాడు. అసలుది కొనండి. ఏది కొన్నా వారం వారం అప్‌డేట్ చెయ్యకుంటే మాత్రం పాత దొంగలను పట్టుకుంటాది, కొత్తోళ్లకు సలాం కొడతాది."

"ఫోన్ లైన్ మీద నెట్టు. అప్‌డేట్ సగం దిగేలోపల ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, తెగిపోతాది."

"గురువారం నాకు ఈ లైన్లోనే డ్యూటీ. పెన్‌డ్రైవ్‌లో నేను తెచ్చి వేస్తాను."

అన్నాడే గానీ, గురువారం అతనికి ఈ లైన్లో డ్యూటీ ఏమీ లేదు. ఆ మాట చెప్పిన తర్వాత ఓనరు మహానందిని బతిమాలి డ్యూటీ మార్పించుకున్నాడు. అతను ఆడిన మొదటి అబద్ధం అదే. 2006 ఫిబ్రవరి.

ఆమె పేరు శ్రీవాసవి. బీకాం పాసై నాయన ప్రెస్సులోనే కార్డులు కంపోజ్ చేస్తోంది. నాయన రాఘవేంద్రప్రసాద్ వెనక గదిలో అచ్చు వేసే ట్రెడిల్ మిషను దగ్గర ఉంటాడు. మిషను చప్పుడుకు ముందు గదిలో మాటలు ఆయనకు వినబడవు. ఓబుళేశు ఆ మిషనుకు మనసులోనే దండం పెట్టుకున్న రోజులున్నాయి.

అప్‌డేట్ వేయడానికి అయిదు నిమిషాలు. ఫుల్ స్కాన్‌కు నలభై. ఆ నలభై నిమిషాలూ ఇద్దరూ తెర మీద పాకే పచ్చగీత వైపే చూస్తున్నట్టు కూర్చునేవాళ్లు. ఆమె ఉగ్గాని, బజ్జీ తెప్పించేది.

"వైరస్ దొరకలేదా?" అనేది.

"లేదు."

"మరి అంత దిగులుగా చెప్తావేమప్పా? దొరికింటే ఇంకో గంట ఉందువేమో."

అతనికి బజ్జీ గొంతులో అడ్డం పడేది.

జూన్‌లో ఒక గురువారం వాన పడింది. ఆ సీమలో వాన పడితే అంగళ్లవాళ్లు బేరాలు వదిలి గుమ్మాల్లోకి వస్తారు. వీళ్లిద్దరూ షట్టర్ కింద నిలబడ్డారు. తుంపర ఆమె రెప్పల మీద పడుతుంటే తుడుచుకోలేదు. వాన వెలిశాక, ఏమనుకుందో ఏమో, లోపలికొచ్చి ‘అమ్మ’ అన్న ఫోల్డర్ తెరిచింది. అందులో పదకొండు రికార్డింగులున్నాయి.

"కొత్త హెడ్‌ఫోన్ మైకు పని చేస్తాందా లేదా అని అమ్మతో మాట్లాడించినా. ఆ కార్తీకంలోనే అమ్మ పోయింది."

మూడు వినిపించింది. రాజ్యలక్ష్మమ్మ గొంతు కొంచెం బొంగురు. ఒకదానిలో పెండ్లి కార్డు ప్రూఫు గట్టిగా చదువుతోంది. ఒకదానిలో పాట ఎత్తుకుని, సగంలో మర్చిపోయి తానే నవ్వేసింది. ఇంకోదానిలో, "వాసీ, ఇది ఆన్‌లో ఉండాదా, ఆఫ్‌లో ఉండాదా?" అని పదేపదే అడుగుతోంది.

ఆ రోజు ఓబుళేశు చీకటి పడ్డాక బస్సెక్కాడు.

ఆగస్టులో ఒక గురువారం అతను పోతుంటే వాసవి అంది:

"వచ్చే వారం నాలుగు లోపల రా. అయిదు గంటలకు కర్నూలు నుంచి మా అత్త, ప్రదీప్ బావ వస్తాండారు."

"ఏమన్నా విశేషమా?"

"విశేషమో ఏమో నాకెట్ల తెలుస్తాది?" అని, గోరుతో కీబోర్డు మీది దుమ్ము గీకింది. "నువ్వయితే నాలుగు లోపల రా."

ఆ వారమంతా అతను రోజులు లెక్కపెట్టాడు. ఆ గురువారం పొద్దున ఒక కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు బాగుచేయాల్సి వచ్చింది. పని పన్నెండున్నర దాకా పట్టింది. బయటి కంప్యూటర్లకు పెట్టిన పెన్‌డ్రైవ్‌ను అంగట్లో స్కాన్ చేయకుండా ఇంకోచోట పెట్టకూడదు. ఆ నియమం ఓబుళేశు తనకు తానే పెట్టుకున్నది, ఏనాడూ తప్పలేదు. అంగడికి వచ్చేసరికి కోయిలకుంట్ల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అప్‌డేట్ కాపీ చేసుకుని, స్కాన్ మానేసి పరుగెత్తాడు.

నాలుగుకు పది నిమిషాల ముందే చేరాడు. వాసవి తలలో కనకాంబరాలు. అవి ఎవరి కోసమో అడగాలనుకుని అడగలేదు.

తరువాతి గురువారం వెళ్లేసరికి ఆమె మొహం వాడిపోయి ఉంది.

"ఏ ఫోల్డర్ నొక్కినా తెరుచుకోవడం లేదు. మా బావ ఆ పొద్దు పాటల సీడీ పెట్టినాడు. అప్పట్నుంచే."

ఆ రోజుల్లో మెకానిక్‌లందరికీ తెలిసిన మందు ఒకటే, ఫార్మాట్. ఫోల్డర్లన్నీ సీడీలోకి ఎక్కించుకుని, డిస్కు మొత్తం తుడిచి, విండోస్ కొత్తగా వేసి, ఫోల్డర్లు మళ్లీ దించాలి. ఓబుళేశు అట్లాగే చేశాడు. పేర్లన్నీ సరిచూసుకున్నాడు. పెండ్లి కార్డులు, పాంప్లెట్లు, అమ్మ. అన్నీ పసుపుపచ్చగా వరుసగా ఉన్నాయి. ఫార్మాట్ కొట్టాడు.

కొత్త విండోస్‌లో సీడీ పెట్టీపెట్టగానే, ఆ వారం అప్‌డేట్ పడిన యాంటీవైరస్ అరవడం మొదలుపెట్టింది. పెండ్లి కార్డులు, డిలీటెడ్. పాంప్లెట్లు, డిలీటెడ్. అమ్మ, డిలీటెడ్.

అప్పుడు తెలిసింది. వైరస్ అసలు ఫోల్డర్లను కనబడకుండా దాచి, అదే పేరుతో, అదే బొమ్మతో తన పిల్లలను కూర్చోబెట్టింది. తాను భద్రంగా సీడీలోకి ఎక్కించుకుంది ఆ వేషగాళ్లను. దాగి ఉన్న అసలు వాటిని తన చేత్తో తుడిచేశాడు.

"అమ్మ?" అంది వాసవి. ఇంకో మాట లేదు.

హార్డ్‌డిస్కు విప్పుకుని డోన్‌కు పోయాడు. పదకొండు రోజులు దానితోనే కూర్చున్నాడు. దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్ అంతా నడిపాడు. పెండ్లి కార్డుల ముక్కలు నాలుగు లేచాయి. అమ్మ ఫోల్డర్ నుంచి లేచిన ఒకే ఒక్క ఫైలులో నూనె కాగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. దాని మీద కొత్త విండోస్ వచ్చి కూర్చుంది.

పన్నెండో రోజు తన పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేశాడు. అదే వైరస్. తేదీ చూశాడు. కాలేజీ ల్యాబుకు పోయిన గురువారం, పదకొండూ నలభై. ప్రదీప్‌కుమార్ కోయిలకుంట్లలో అడుగుపెట్టింది సాయంత్రం అయిదుకు.

వాసవి రోజూ ఫోన్ చేస్తూనే ఉంది.

"వచ్చిందా?"

"చూస్తాండా."

"మా బావను ఇంక మా గడప తొక్కొద్దన్నా. అత్త కూడా అలిగి పోయింది. పోతే పోనీ. నువ్వొక్కడివన్నా దానికోసం ఇంత పాటు పడతాండావు."

ఫోన్ పెట్టేసి, జరిగిందంతా మహానందికి చెప్పాడు.

మహానంది విన్నాడు. "నీకేమన్నా పిచ్చా అప్పా? ఆ పిల్ల నిన్ను అనుమానించలేదు. ఆ బావ పీడా విరగడయింది. నీ నోరు మూసుకుంటే నీ బతుకు బాగుపడతాది."

నిజమే. ఒక్క మాట మింగితే చాలు. కానీ ఆమె ఎదుట కూర్చున్న ప్రతిసారీ ఆ మాటను మళ్లీ మింగాలి.

గురువారం హార్డ్‌డిస్కు తీసుకుని వెళ్లాడు. తండ్రీకూతుళ్లిద్దరూ ముందు గదిలోనే ఉన్నారు.

"ఏమీ రాలేదు మేడం. ఇంక రాదు." డిస్కు ముందుకు చాచాడు. "మీ బావ సీడీలో ఏమీ లేదు. వైరస్ నా పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. ల్యాబు నుంచి తెచ్చినా. స్కాన్ చెయ్యకుండా బస్సెక్కినా."

"నువ్వా? స్కాన్ చెయ్యకుండానా?"

"మీ బావ వచ్చేలోపల మిమ్మల్ని చూడాలని. మీరంటే నాకు ఇష్టం. తప్పుకు అది సాకని చెప్పడం లేదు, జరిగింది చెప్తాండా."

వాసవి కుర్చీలోంచి లేచింది. "ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"మొన్న. అప్పట్నుంచి మీరు మీ బావను తిడతాంటే రెండు ఫోన్లు విన్నా."

"విని ఊరకుండావు."

"ఊరకుండినా."

"పో," అందామె. గట్టిగా కూడా అనలేదు.

రాఘవేంద్రప్రసాద్ డిస్కు అందుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఇంక రావద్దులే అప్పా," అన్నాడు.

ఓబుళేశు వెళ్లలేదు. అప్‌డేట్ మాత్రం ఆపలేదు. ఈసారి పెన్‌డ్రైవ్ కాదు, సీడీ. రాసి ముగించిన సీడీలోకి తరువాత ఏ వైరస్సూ ఎక్కడానికి వీలుండదు. గురువారం గురువారం ఒకటి కాగితంలో చుట్టి కోయిలకుంట్ల బస్సు కండక్టరు ఏసురాజు చేతికిచ్చేవాడు. మీద తేదీ తప్ప అక్షరం రాసేవాడు కాదు.

"ఏమన్నా అనిందా అన్నా?"

"ఏమీ అనల్యా. తీసుకునింది, లోపలికి పోయింది."

శీతాకాలం పోయింది. శివరాత్రి పోయింది. ఎండలు ముదిరాయి. మే నెలలో ఒక గురువారం సాయంత్రం ఏసురాజు ఆ వారం సీడీని తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"ఇంక పంపాల్సిన పన్లేదంట ఓబుళేశూ. ఆ పాప చెప్పమనింది."

ఆ కాగితం పొట్లం చేతిలో అట్లాగే ఉంది. వారానికి ఒక్కసారి తాను బతికే ఉన్నానని చెప్పుకునే దారి అదొక్కటే. ఆమెకు పెండ్లి కుదిరి ఉంటుందనుకున్నాడు. కుదిరితే ఒకసారి చూసి, మంచి మాట చెప్పి రావాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని మరునాడు బస్సెక్కాడు.

ప్రెస్సులో మిషను నడుస్తోంది. కంప్యూటర్ పక్కన ఒక కొత్త డబ్బా, దాని మీద పచ్చలైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి.

"బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది," అంది వాసవి, తల తిప్పకుండానే. "అప్‌డేట్ దానంతట అదే దిగుతాది. ఎవరూ తేవాల్సిన పన్లేదు."

"మంచిదే మేడం. సరే అయితే, పోయొస్తా."

"పనుంటేనే వస్తావా? పని లేకుంటే రావా?"

గడప దగ్గర అతని కాలు ఆగిపోయింది.

"బావకు తప్పయిందని చెప్పినా. ఆయనకు నంద్యాల పిల్లతో పెండ్లయింది, కార్డులు మేమే కొట్టినాం," అంది. ఆ తర్వాత మాట నెమ్మదించింది. "నిన్ను శానా తిట్టుకున్నా. ఇప్పటికీ కొన్ని పొద్దులు తిడతా. కానీ ఓబుళేశూ, అమ్మ గొంతు నా చెవుల్లో సన్నగైపోతాండాది. మాటలు గుర్తుండాయి, గొంతు రావడం లేదు. నేను కాకుండా ఆ రికార్డింగు విన్నోడివి నువ్వొక్కడివే. ఎట్లుండేది చెప్పు."

అతను చేతులు కట్టుకుని, పరీక్షలో జవాబు చెప్పే పిల్లవాడిలా నిలబడ్డాడు.

"కొంచెం బొంగురుగా ఉండేది. మాట మొదలుపెట్టే ముందు ఒకసారి గొంతు సవరించుకునేది. ప్రూఫు చదివేటప్పుడు పేర్ల దగ్గర నిదానించేది. వరుని పేరు రెండుసార్లు చదివి, ఈ పిల్లోని పేరు ఒక్కో తావున ఒక్కో తీరు రాసినారు, వీని పెండ్లి ఎట్ల జరుగుతాదో అనింది. అని నవ్వింది. నవ్వు గొంతుకన్నా చిన్నది. మీ నవ్వు మాదిరి."

వాసవి చేత్తో నోరు మూసుకుంది. కన్నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారుతున్నాయి. అతనివీ ఆగలేదు.

మిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. వెనక గది వాకిట్లో రాఘవేంద్రప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఇంకు చేతులను పాతగుడ్డతో తుడుచుకుంటూ ఉన్నాడు, అవి ఎప్పుడో శుభ్రమైపోయినా.

"నేను ఒక్కటీ వినలేదప్పా," అన్నాడు. "తర్వాత వింటాలే, తర్వాత వింటాలే అనుకున్నా." గుడ్డను భుజాన వేసుకుని, ఒక స్టూలు లాగి ఓబుళేశు ముందు పెట్టాడు. "కూచో. ఇంకేమనింది మా రాజ్యం?"