గడియారంతో చేసిన తాళంచెవి

శవం మూడో అంతస్తులో, గుమ్మానికి అడ్డంగా పడి ఉంది.

హంతకుడు పారిపోలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. కత్తి పక్కనే పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ పైకి వస్తుంటే కాళ్లు ముడుచుకుని దారి కూడా ఇచ్చాడు.

"నా పెళ్లామే. నేనే చంపాను," అన్నాడు.

"ఇంత సుళువైన కేసు నా సర్వీసులో చూళ్లేదు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "మనం రాకముందే ఒప్పేసుకున్నాడు."

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు చూస్తోంది. లోపలి వైపు మూడు గడియలున్నాయి. మూడూ కొత్తవే. మూడూ తీసి ఉన్నాయి.

చనిపోయినావిడ దర్జీ. మొగుడి దెబ్బలు పడలేక ఇల్లు వదిలి వచ్చేసింది. ఆడవాళ్లకి ఆసరా ఇచ్చే ఒక సంస్థ ఆమెకి ఈ ఇల్లు చూసిపెట్టింది. ఇక్కడుందని బయటివాళ్లెవరికీ తెలియదు. తెలియకూడదు.

ఇన్‌స్పెక్టర్ హంతకుడి పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ఇక్కడుందని ఎవరు చెప్పారు నీకు?"

"కొన్నాను."

"ఎవరి దగ్గర?"

"నెట్‌లో. ఎవడో. పేరు లేదు, ముఖం లేదు. నా పెళ్లాం పేరు చెప్పాను, అడ్రస్ పంపాడు." అతను మోకాళ్ల మీద చెయ్యి రాసుకున్నాడు. "వాడి దగ్గర ఇంకా చాలామందివి ఉన్నాయట."

"కట్టు కథ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కిందికి దిగుతూ. "సంస్థ లోపలి మనిషినెవరినో కాపాడుతున్నాడు మేడమ్."

అది కట్టు కథే అయితే బాగుండునని ఇన్‌స్పెక్టర్‌కి అనిపించింది.

* * *

ఇల్లు తెలిసినవాళ్లు ముగ్గురే. సంస్థ నడిపే పెద్దావిడ. సామాను దింపిన వ్యాన్ డ్రైవర్. చనిపోయినామె అక్క. వీళ్లు కాక కంప్యూటర్లో ఒక రికార్డు ఉంది. దానికి తాళం ఉంది.

మర్నాడు మధ్యాహ్నం సంస్థ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టింది ఇన్‌స్పెక్టర్. ఆ రికార్డు ప్రోగ్రామ్ రాసిచ్చిన ప్రోగ్రామర్‌ని కూడా పిలిపించింది. సంస్థ మీద అభిమానంతో ఊరికే రాసిచ్చిన మనిషి. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

ముందు డ్రైవర్.

"ఆ ఇంటికి ఎన్నిసార్లు వెళ్లావు?"

"ఒక్కసారేనండీ. మంచం నేనే మోశాను, మూడో అంతస్తు దాకా. నడుము ఇంకా నొప్పే."

"ఎవరికైనా చెప్పావా?"

"మా ఆవిడ అడిగినా చెప్పనండీ ఈ ఉద్యోగం సంగతులు. అందుకే మా ఇంట్లో రోజూ గొడవ."

తర్వాత అక్క. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి.

"మీ చెల్లెలు చనిపోయే ముందు వారమంతా ఆమె మొగుడు మీకు ఫోన్లు చేశాడు."

"చేశాడు."

"ఎత్తారు."

"ఎత్తాను. ఎత్తకపోతే ఇంటి మీదికొస్తాడు. ఏడ్చేవాడు, తిట్టేవాడు, మళ్లీ ఏడ్చేవాడు. ఒక్క ముక్క చెప్పలేదు మేడమ్. నా పిల్లల మీద ఒట్టు."

"మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు జారి ఉంటావమ్మా," అంది పెద్దావిడ. "లేకపోతే వాడికెలా తెలుస్తుంది? నువ్వు తప్ప వాడితో మాట్లాడేవాళ్లు ఎవరున్నారు?"

అక్క తల దించుకుంది. తనే నిజంగా ఏమైనా అన్నానేమోనని రాత్రంతా ఒక్కో మాటా గుర్తు చేసుకుందామె. ఏదీ దొరకలేదు. దొరకలేదన్న ధైర్యమూ రాలేదు.

"ఆమె చెప్పలేదు," అంది ఇన్‌స్పెక్టర్.

గదిలో అందరూ తలెత్తారు.

"మూడు గడియలు పెట్టుకున్న మనిషి తలుపెందుకు తీసింది? ఎదురింటావిడ విన్నది. బయటినుంచి వీడు గొంతు మార్చి 'కింది తాతగారు పంపారమ్మా' అన్నాడు. అందుకే తీసింది. హెడ్ గారు ఆ మాట రాసుకున్నారు, కానీ పట్టించుకోలేదు."

హెడ్ కానిస్టేబుల్ కిటికీలోంచి బయటికి చూశాడు.

"అంతకుముందెప్పుడూ ఆ మెట్లెక్కని మనిషికి, కింద ఒక తాతగారున్నారని ఎలా తెలుసు?"

ఆమే జవాబు చెప్పింది.

"ముందు ఆయన తలుపే తట్టాడు కాబట్టి. పొద్దున్న ఆ తాతగారిని కలిశాను. 'రెండువందల మూడు ఇదేనా, కుట్టుపని చేసే ఆవిడ ఉందా' అని అడిగాడట. పాపం ఆయన, 'కాదు నాయనా, పైన, మూడువందల రెండు' అని చెప్పి పంపాడు. అప్పట్నించీ ఆయన అన్నం ముట్టలేదట."

ఇన్‌స్పెక్టర్ అక్క వైపు తిరిగింది.

"మీరు నెలనెలా వెళ్లే ఇల్లు మూడువందల రెండు. డ్రైవర్ మంచం మోసింది మూడో అంతస్తుకి. మీలో ఎవరు చెప్పినా వాడు నేరుగా ఆ గుమ్మానికే వచ్చేవాడు. రెండువందల మూడు అని ఒక్కచోటే ఉంది."

ఆమె టేబుల్ మీది కంప్యూటర్ని చూపించింది.

పెద్దావిడ ముఖం పాలిపోయింది. ఆ అంకెలు టైపు చేసింది ఆవిడే. తారుమారు చేసింది ఆవిడే.

"మీ పొరపాటు ఆమెని కాపాడబోయింది. తాతగారి మంచితనం కాపాడనివ్వలేదు," అంది ఇన్‌స్పెక్టర్.

* * *

"కానీ ఆ ఫైలుకి తాళం ఉంది," అన్నాడు ప్రోగ్రామర్. "దొంగ ఫైలు ఎత్తుకెళ్లినా అందులో పిచ్చి అక్షరాలు తప్ప ఏమీ కనపడవు. గొప్ప గొప్ప లెక్కల పండితులకే విప్పడం చేతకాని తాళం అది."

"ఆ తాళం నువ్వే చేశావా?"

"లేదు మేడమ్. అది సొంతంగా చెయ్యకూడదని మొదటి పాఠంలోనే చెప్తారు."

"మరి నువ్వు ప్రోగ్రాములు రాసే భాషతో పాటు వస్తుందా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "తేదీలకి, లెక్కలకి, బొమ్మలకి అన్నిటికీ ముందే రాసిపెట్టిన లైబ్రరీలు భాషలోనే ఇచ్చారు. క్రిప్టోగ్రఫీకి, అంటే ఈ తాళాల పనికి మాత్రం ఇవ్వలేదు. బయట ఎవరెవరో రాసిపెట్టినవి ఉంటాయి. అందరూ దేన్ని వాడుతున్నారో చూసి అదే తీసుకున్నాను."

"రాసిందెవరు?"

అతనికి తెలియదు.

ఇన్‌స్పెక్టర్‌కి తెలుసు. పొద్దుటే వెతికి పట్టుకుంది. లాప్‌టాప్ తిప్పింది. తెర మీద ఒక నెరిసిన గడ్డం మనిషి కనిపించాడు. ఎక్కడో దూరదేశంలో, వంటింట్లో కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా అప్పటికే విన్నాడు.

"తాళం మంచిదే," అన్నాడాయన మెల్లగా. "తాళంచెవి చేసే చోట తప్పుంది. ఎవరూ ఊహించలేని అంకె పుట్టించాలి అక్కడ. నేను కంప్యూటర్ గడియారం చూసి అంకె పుట్టించాను. ఫైలు సుమారుగా ఎప్పుడు తయారైందో తెలిస్తే చాలు, ఆ పూటలో ఉన్న క్షణాలన్నీ ఒక్కొక్కటే వేసి చూసి, చెవి చేసేసుకోవచ్చు."

"తెలిసీ వదిలేశారా?"

"నిరుడే దిద్దాను. పాత ఫైళ్లకి తాళంచెవులు మార్చుకోమని ప్రకటన కూడా పెట్టాను."

ప్రోగ్రామర్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. "నేను తీసుకున్నది అంతకుముందు. మళ్లీ అటు చూడలేదు."

"ఎవరూ చూడరు నాయనా," అన్నాడు తెర మీది మనిషి. "అందుకే దీన్ని భాషలోనే పెట్టేసుకోండి, పదిమంది కళ్లు పడతాయి అని ఆ భాషని చూసుకునే కమిటీని బతిమాలుతున్నాను. ఏళ్లుగా వాదిస్తున్నారు. లోపల పెడితే తప్పు కూడా అధికారికమైపోతుంది, పాత ప్రోగ్రాములు పాడవకుండా దాన్ని దిద్దలేం అంటారు సగం మంది. బయట పెడితే, దిద్దినా ఎవరికీ చేరదు అంటారు మిగతా సగం. ఇద్దరి మాటా నిజమే. అదే గొడవ."

"ఆ పాతది ఇంకా దొరుకుతోందా?" అంది ఇన్‌స్పెక్టర్.

"దొరుకుతోంది. ఇవాళ కూడా జనం దించుకుంటున్నారు."

"తీసేయండి."

"తీసేస్తే దాని మీద నడిచే ఆసుపత్రులున్నాయి. వాళ్ల కంప్యూటర్లు ఆగిపోతాయి. ఎన్నో, ఎక్కడో నాకే తెలియదు." ఆయన కళ్లజోడు తీశాడు. "నేను ఒక్కణ్ణే అమ్మా. సరదాకి రాశాను."

సంస్థ ఫైలు ఎత్తుకెళ్లి అడ్రసులు అమ్మినవాడి జాడ కూడా దొరకలేదు. టెక్నికల్ వింగ్ వాళ్లు వెతికారు. ఖాతా హత్య జరిగిన సాయంత్రమే మాయమైంది. సర్వర్ మరో దేశంలో ఉంది. ఉత్తరాలు రాస్తే జవాబు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

హెడ్ కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఎవర్ని అరెస్టు చెయ్యాలి మేడమ్?"

"ఆ మొగుణ్ణి. చేశాం కదా."

పెద్దావిడ ఉన్నట్టుండి లేచింది. "మిగతావాళ్ల అడ్రసులు? అవన్నీ అదే ఫైల్లో ఉన్నాయి! వీళ్లందర్నీ ఎక్కడికి తరలించను? ఒక్క ఇల్లు దొరకడానికే నా తల ప్రాణం తోకకొచ్చింది."

డ్రైవర్ నడుము పట్టుకుని లేచి, వ్యాన్ తాళాలు తీసుకున్నాడు.

అక్క ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చింది.

"నేను చెప్పలేదని తేలింది. సంతోషం మేడమ్," అంది. "మరి ఎవర్ని తిట్టుకోను? తాతగారినా? ఆ అబ్బాయినా? ఆ గడ్డపాయననా? ఎవరి ముఖం చూసినా నాకంటే దీనంగా ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది.

* * *

కొన్నాళ్లకి చెల్లెలి వస్తువులు తీసుకెళ్లమని అక్కకి కబురొచ్చింది. స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ ఒక సంచీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు చీరలు, కత్తెర, సగం కుట్టిన పాప గౌను. ఆ గౌను అక్క చిన్నకూతురి కొలతలది.

ఆమె సంచీ దగ్గరికి లాక్కుంది.

"ఒక్క నిమిషం అమ్మా." హెడ్ కానిస్టేబుల్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "మీ అడ్రస్ చెప్పండి. ఎక్కిస్తేనే సంచీ ఇవ్వాలి."

అక్క చెయ్యి ఆగిపోయింది. పక్క గదిలోంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముఖంలోకి చూసింది.

"ఇందులో ఎక్కిస్తే ఫరవాలేదా మేడమ్?"

ఆ ప్రోగ్రామ్ ఎవరు రాశారో, ఎవరు రాసిన తాళం తీసుకుని వేశారో ఇన్‌స్పెక్టర్‌కి తెలియదు. తెలిసినవాళ్లెవరో కూడా తెలియదు. రోజూ తను వాడే ప్రోగ్రామే అది. 'ఏం ఫరవాలేదమ్మా' అందామని నోరు తెరిచింది. మాట రాలేదు.

అక్క సంచీలోంచి గౌను పైకి తీసి ఒకసారి మడత సరిచేసింది. మళ్లీ లోపల పెట్టేసింది.

"సంచీ ఇక్కడే ఉండనివ్వండి," అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.