తట్టకెక్కిన సగం మాట

అంజిలయ్యకు ఒక చెడ్డ అలవాటుంది. సగం మాట చెప్పి, జనం మొహాలు చూస్తూ ఆగుతాడు.

పోలీస్ యాక్షన్ అయి మూడేళ్లు దాటింది. పోరాటంలో జైలుకు పోయి వచ్చిన ఈ కందుకూరు కూలీ కొడుకు తొలి ఎన్నికల్లో నిలబడ్డాడు. ఇబ్రహీంపట్నం చెరువుకట్ట మీద మీటింగు పెట్టి గొంతెత్తాడు.

"ఈ చెరువుల చేపలు మీవి కావు..."

ఆగాడు.

దారిన పోతూ నిలబడి వింటున్న సుక్కమ్మ, సరిగ్గా అప్పుడే చేపల తట్ట నెత్తికెత్తుకొని కదిలింది. ఎండెక్కుతోంది. చేప ఆగదు.

గడపగడపకూ చేపతో పాటు ఆ ముక్కనూ పంచింది. సాయంత్రానికి, అతని మీద పోటీకి నిలబడ్డ దొర మనుషులు దాన్నే డప్పు కొట్టి చాటించారు. బెస్తవాడ తలుపులేసుకుంది. అతని జైలు, తిన్న లాఠీ దెబ్బలు ఎవరికీ యాదికి లేవు. ఆ ఒక్క ముక్కే ఉంది. దొరకు అంతే కావాలి.

మర్నాడు అంజిలయ్య సంతలో ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా కొంప ముంచినవ్."

"నువ్వన్నదే చెప్పిన. లేనిది కల్పించిన్నా?"

"'అని దొర కాగితం రాసుకున్నడు, ఆ కాగితం చింపుదాం' అన్న. గది విన్నవా?"

చేప కోస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "లేదు. అప్పటికే పోయిన."

"జర ఆగకపోతివి."

"చేప కుళ్లుతది. నీ ఉపన్యాసం కుళ్లదు గదా."

అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకు నచ్చింది. నచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

మళ్లీ అవే గడపలు తిరిగి మిగతా సగం చెప్పింది.

"గిప్పుడు మాట మారుస్తున్నవేందే? పిలగాడు నచ్చిండా?" అంది పక్కింటి రుక్కమ్మ.

అబద్ధానికి డప్పుంది. నిజానికి ఉన్నవి ఒక్క ఆడపిల్ల కాళ్లే.

అంజిలయ్య ఓడాడు. ఓడించింది బెస్తవాడే.

ఫలితం వచ్చిన మూడో రోజు పొద్దున అతను చెరువుకట్ట మీదికి వచ్చాడు. సుక్కమ్మ తండ్రి బుగ్గయ్య వల బాగు చేస్తున్నాడు. ఆమె తట్టతో బయలుదేరుతోంది.

"నా వల్లనే ఓడినవ్," అంది.

"సగం నీ వల్ల. సగం నా అలవాటు వల్ల." గొంతు సవరించుకున్నాడు. "సుక్కమ్మా, నేను నిన్ను పెండ్లి చేసుకోను..."

ఆగాడు.

బుగ్గయ్య వేళ్లు వల మీదే నిలిచిపోయాయి. ఎండెక్కుతోంది. తట్ట నిండా చేపలున్నాయి.

సుక్కమ్మ తట్ట దించి, పక్కనే కూర్చుంది.

"కానియ్. మొత్తం విన్నంకనే లేస్త."

"...మీ బాపు వద్దంటే."

బుగ్గయ్య తలెత్తలేదు. మళ్లీ వల అందుకున్నాడు.

"ఈ పోరడు ఇంకోసారి నిలబడితే, ఉపన్యాసం నువ్వే చెప్పు బిడ్డా."