పిట్ట ముట్టని బువ్వ

కతర్‌ల అల్ హిలాల్ అనే కాడ ఒక విల్లా ఉన్నది. దాని ఎనక కిచెన్‌కు పొద్దూకినంక ఎవ్వడు పోడు. లోపట నీళ్లు పోయే మోరి మూలుగుతదట. ఉట్టిగ మూలుగుడు గాదు… మంచంల వడ్డ ముసల్ది "ఊఁ…" అన్నట్టే అంటదట. చాయకు నీళ్లు గావాల్నన్నా దుకానం పోయి సీస కొనుక్కొస్తరు గని, ఆ నల్లా ఇప్పరు. ఒక్కొక్కడు సిమెంటు బస్తాను తలగడ లెక్క లేపి అవుతల ఇసిరేటోడు. మోరి మూలిగితె లాగుల వోసుకుంటున్నరు. థూ, వీళ్ల బతుకులు!

నా సంగతి ముందుగాల్నే చెప్తున్న. నేను గంగాప్రసాద్‌ను. కతర్‌ల ఇండ్లల్ల జామైన మోర్లు, సింకులు సాఫ్ జేసుడే నా డ్యూటీ. మనిషి ఎసొంటోడో తెల్వాల్నంటె మాట సూడకుండ్రి, బట్ట సూడకుండ్రి, వాని సింకు కింద పైపు ఇప్పి సూడుండ్రి. అత్తరు గుమగుమలాడుకుంట తిరిగేటోని బాత్రూముల కెంచి ఎంటికల ఉండలు, సబ్బు పెంట ఎల్తది. మటన్ వండుతరు, కొవ్వంత సింకుల గుమ్మరిస్తరు, పైపుల అది గడ్డ గడ్తది. ఇగ నాకు ఫోను — "మేమేం పోయలే అన్నా, దానంతట అదే జామైంది." ఆహా! పైపు దానంతట అదే పోయి మటన్ తినొచ్చిందా?

ఈ విల్లాకు నన్ను పిలిచింది సైలస్. గోదావరి దిక్కోడు, కంపెనీ ఆఫీసుల పని, ఆ విల్లా జిమ్మేదారి గూడ ఆయనదే. ఫోన్‌ల గుసగుసలు వెట్టిండు.

"ప్రసాద్ గారూ… కాస్త చీకటి పడకముందే వచ్చెయ్యండి."

"నా డ్యూటీ దిగెటాల్లకే చీకటైతది. ఎందుకు?"

"ఇది… మామూలు చోకప్ కాదండీ."

నేను నవ్విన. నవ్వినందుకు ఆయనకు కోపమొచ్చి, కథంత మొదటి కెంచి చెప్పిండు. ఆయన చెప్పిందే మీకు చెప్తున్న.

ఆ విల్లాల మా దిక్కు పోరగాండ్లు ఉంటరు. అండ్ల పోశన్న అని ఒకడు, సైటుల ఇనుప సలాకలు గట్టే పని. వాళ్లవ్వ ముత్తవ్వకు పక్షవాతమొచ్చి మాట వడిపోయింది. ఏమడిగినా "ఊఁ" ఒక్కటే. డ్యూటీ కెంచి రాంగనే పోశన్న వీడియో కాల్ జేసి, "అవ్వా, తిన్నవా?" అనేటోడు. అటుకెల్లి "ఊఁ…" రూము రూమంత ఇనేది. ఆ ముసల్ది సచ్చిపోయింది. సైటుల పని అడావుడి ఉన్నదని కంపెనీ పోశన్నకు ఛుట్టీ ఇయ్యలే.

మా దిక్కు మనిషి పోతె పిట్టకు పెడ్తరు. పోయినోళ్లకు ఇష్టమైనయన్ని వండి, ఇస్తరాకుల పెట్టి, అవుతలికి జరిగి నిలబడ్తరు. కాకి వచ్చి ముట్టిందా, పోయినోళ్లు తిన్నట్టు. ముట్టలేదా… మనసుల ఏదో వెట్టుకొని పోయిండ్రని. ముత్తవ్వకు పెట్టిన బువ్వ పిట్ట ముట్టలే. "నీ మనుమరాలి పెండ్లి మేం జేస్తం, ముట్టు" అన్నరు. "నీ బర్రెను అమ్మం, ముట్టు" అన్నరు. కాకి చెట్టు మీద కూసొని సూసుడే గని దిగలే. ఆఖరికి ఎవరో అన్నరట, "గల్ఫ్‌ల ఉన్న పెద్దకొడుకు పెట్టలే గద, అందుకే ముడ్తలేదు" అని. పోశన్న చెల్లె ఫోన్ జేసి ఏడ్సింది. ఇగ అయిపాయె, పోశన్నకు అదే రంది. నా అవ్వ తిన్నదా, తినలేదా.

వాడు ఆ ఎనక కిచెన్‌ల బువ్వ వండిండు. బోటి కూర వండిండు, ముసల్దానికి అదంటె పానం. పళ్లెంల వెట్టి గోడ మీద వెట్టి నిలవడ్డడు. పావురాలొచ్చినయి. గోరింకలొచ్చినయి. పిల్లి వచ్చింది. కాకి మాత్రం కండ్లకు గనవడలే.

"పావురం గూడ పిట్టనే గదరా!" అన్నడట గజేందర్.

ఈ గజేందర్ ఉన్నడు సూడు… వాడు ఆ రూముకు పెద్దమనిషి. ఎవ్వలు అడగకముందే సలహా చెప్పే రకం. తెలివి ఈసమెత్తు లేదు, నోరు మాత్రం మైకు. పొద్దువోయినా కాకి రాకపోయేసరికి పోశన్న ఏడ్సుకుంట కూసుంటె, వీడొచ్చి ఉపాయం చెప్పిండు. "ఊర్ల అయితె చెర్ల కలుపుతం. ఈడ చెరువు లేదు. మోరిల పొయ్యి. ఏ నీళ్లైనా సముద్రంలకే గద పోయేది!" సముద్రంలకట! ఈ ఊర్ల మోరి నీళ్లు సాఫ్ జేసి రోడ్ల పక్కన చెట్లకు వోస్తరురా, అడ్డగాడిదా!

పోశన్న దండం వెట్టి, బువ్వ, బోటి కూర అంత మోరి మీది జాలిల పోసిండు. అంతకుముందే ఆ పైపు నిండ వీళ్ల కొవ్వు గడ్డగట్టి ఉన్నది. ఆ రాత్రే…

ఊఁ…

అందరు లేచి కూసున్నరు. అందరు గుర్తువట్టిండ్రు. ఫోన్‌ల రోజు ఇన్న గొంతే.

సైలస్ నమ్మలే. సదువుకున్నోడు గద! ఒకనాడు రాత్రి నీళ్లకని ఆ కిచెన్ దిక్కు పోయిండు. లోపట లైటు లేదు. తలుపు కొద్దిగ తెర్సి ఉన్నది. చెయ్యి వెట్టబోతుంటె… "ఊఁ…"

"అది పైపేలే అనుకున్నానండీ," అన్నడు నాతోని. "కానీ ఆ తర్వాత… ఇంకో గొంతు."

"ఏమన్నది?"

"గుసగుసగా… 'తిన్నవా?' అంది."

"నిన్నా?"

"నన్నేనేమో! యేసు రక్తమే జయం అనుకుంటూ వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి పడ్డానండీ."

వచ్చి వడ్డడు, ఎట్ల వడ్డడంటె మోకాలు చిట్లిందట. దయ్యం ఆయనను బువ్వ తిన్నవా అని అడిగితె ఉరికిండు! మా ఇంటికి సుట్టాలొస్తె మేమూ గదే అడుగుతం.

ఇగ వైద్యం మొదలువెట్టిండ్రు. గజేందర్ నిమ్మకాయలు కోసి, కుంకుమ అద్ది, జాలిల ఏసిండు. సైలస్ ప్రార్థన జేసి నూనె వోసిండు. ఇంకొకడు ఫోన్‌ల ఏదో వీడియో సూసి సోడా పొడి, ఇంకొకడు యాసిడ్. ఆ మోరి కెంత ఓపికనో! నన్నడిగితె మూలిగింది దయ్యం గాదు, వీళ్లు పెట్టే బాధకు పైపే మూలిగింది. అందరు గలిసి పోశన్న మీద వడ్డరు. "మీ అవ్వను దయ్యం జేసినవు గదరా!" అని గజేందర్ మొకం మీదనే అన్నడట. మోరిల పొయ్యుమన్నది ఎవడురా అంటె మాత్రం వానికి యాదికి లేదు.

నేను పోయేసరికి చీకటే అయింది. ఎవ్వడు ముంగటికి రాడు. దర్వాజ కాడ గుంపుగ నిలవడి తొంగి సూస్తున్నరు. పోశన్న ఒక్కడే గోడకు ఆనుకొని కూసున్నడు, గుండు మీద ఇప్పుడిప్పుడే ఎంటికలొస్తున్నయి.

"పైన ఎవ్వలు నల్లా ఇప్పొద్దు," అన్న. జాలి తీసి, మోరి సాఫ్ జేసే పొడుగు స్ప్రింగ్ లోపటికి దింపిన. తిప్పంగ తిప్పంగ ఎల్లింది వీళ్ల భక్తి అంత. నిమ్మకాయ చెక్కలు, నూనె జిడ్డు, కొవ్వు గడ్డలు. వాసన! ఆ గజేందర్ ముక్కు మూసుకున్నడు. నీదేరా ఇది, మూసుకుంటె ఎట్ల?

కొవ్వు ఎనకంగ బువ్వొచ్చింది.

నేను ఆగిన. చేతులకు తీసుకొని లైటు కింద సూసిన. పోశన్న వోసి నెల్లాళ్లాయె అని సైలస్ చెప్పిండు గద… ఈ బువ్వ కుళ్లలే. మెతుకు మెతుకు తెల్లగున్నది. ఇది ఇయ్యాల్టిది.

"ఎవడు వోసిండు ఇది?"

దర్వాజ కాడికెల్లి ఒకలిద్దరు ఎనుకకు జరిగిండ్రు. అప్పుడు గోడ కాడికెల్లి మెల్లగ…

"నేనే అన్నా."

"నువ్వా?"

"రోజు డ్యూటీ కెంచొచ్చి నా తాట్ల బువ్వల సగం దీంట్ల పెడ్తున్న. పెట్టి… తిన్నవా అవ్వా అంటె… ఊఁ అంటది."

ఎనక సైలస్ మొకం సూడాల్సింది అప్పుడు! ఆయన మోకాలు పలగ్గొట్టిన దయ్యం పోశన్ననే అన్నట్టు. కడుపుబ్బ నవ్వుదామనుకున్న గని, ఎందుకో నవ్వు రాలే. కోపమొచ్చింది.

"అరే, బుద్ధుందా నీకు? పైన బాత్రూముల నీళ్లిడుస్తె, కింద అడ్డం ఉంటె, గాలి పోను జాగ లేక ఈ జాలిల కెంచి తన్నుకొస్తది. గాలిరా అది! మీ అవ్వ గాదు."

"ఎరికే అన్నా."

"ఎరికైతె మరెందుకు?"

వాడు తల దించుకున్నడు. "ఊర్ల పిట్ట ముట్టలే. ఈడ పిట్టనే రాలే. నేను అడుగుతె జవాబిచ్చేది ఇదొక్కటే." జాలి దిక్కు సూసిండు. "సాఫ్ జేస్తె… ఇగ అనదా అన్నా?"

"అనది," అన్న. స్ప్రింగ్ మళ్లా దింపిన. నా పని నేను జేసిన. బకెట్టు నీళ్లు వోస్తె గిర్రున తిరిగి పోయినయి. చప్పుడు లేదు, మూలుగు లేదు.

గజేందర్ ఛాతి ఇరుసుకొని లోపటికొచ్చిండు. "నేను ముందే చెప్పిన, ముసల్ది పోతదని!" వానికి ఆ బకెట్టుతోనే ఒకటి ఇద్దామనుకున్న. అందరికి ఒక్కసారె ధైర్యమొచ్చింది. నవ్వుకుంట, ఒకలనొకలు ఎక్కిరించుకుంట రూములకు పోయిండ్రు. పోశన్న ఒక్కడే జాలి ముంగట కూసున్నడు.

నేను బయట మ్యాన్‌హోల్ మూత లేపిన. నీళ్లు మంచిగ వోయినయా లేదా సూసుడు నా అలవాటు. నీళ్లన్ని పోయినయి, పైపు ఖాళీ. పైన ఒక్క నల్లా గూడ నడుస్తలేదు. ఒక చేత మూత వట్టుకొని, వంగి లైటు వెట్టి సూస్తున్న…

ఆ పైపుల కెంచి, సన్నగ, పోశన్న గొంతు.

"అవ్వా… తిన్నవా?"

ఇటు సూసిన, అటు సూసిన. ఎవ్వలు లేరు. వెర్రిబాగులోడు, ఇంత చెప్పినా అడుగుతనే ఉన్నడు! మళ్లా అడిగిండు. ఈసారి గొంతు వణికింది. ఒక్క "ఊఁ" అంటె నా సొమ్మేం పోయింది? ఆ కంపు మీదికి మొకం వంచిన. ఊపిరి తీసుకున్న. నోరు తెర్సిన…

"ఊఁ…"

మూత చేతుల కెంచి జారి ఠంగుమన్నది.

పోశన్న ఉరికొచ్చిండు. కండ్ల నీళ్లు, మొకం మీద నవ్వు. నా రెండు చేతులు, ఆ మురికి చేతులే, గట్టిగ వట్టుకున్నడు. "నువ్వే అన్నవని నాకు ఎరికే అన్నా," అన్నడు. "అయినా మంచిగనిపించింది. ఇగ ఈ రంది ఇడుస్త."

నేను తల ఊపిన. ఏం చెప్పాలె వానికి? నోరు తెర్సింది నిజమే… అన్నది నేను గాదు.