తడి తెలిసే పూత

కేశవులు తొమ్మిదో సొరంగంలోని కొత్త బడిగదికి మూడు గోడలు పూర్తి చేసి, నాలుగో గోడ మీద బొమ్మ చూపే తెరపొరను అరచేత్తో ఒత్తుకుంటూ పోతున్నాడు. లోపల గాలి బుడగ మిగిలితే పూత అక్కడ ముడత పడుతుంది. పొర రాతికి పూర్తిగా అంటుకోగానే పూతలు అమ్మే కొట్టు నుంచి సున్నపుగోడ-6 అనే పూత దాని మీదికి దిగింది. నల్లటి పలకరాయి ఒక్క క్షణంలో తెల్లబడింది. ఎక్కడా లేని కిటికీ నుంచి ఉదయపు వెలుగు ఏటవాలుగా వచ్చి దాని మీద పడింది.

మంచి పూత. నునుపు సరిపోయింది, నీడ సరిపోయింది. కుడివైపు ఒక మేకు చిల్లు, పిల్లల ఎత్తులో ఒక చేతి మరక. నలభై సొరంగాల్లో సున్నపుగోడ-6 ఉన్న ప్రతిచోటా అదే మేకు చిల్లు, అదే మరక. ఎవరూ పట్టించుకోరు.

పైన ఎండకు తాళలేక మార్కాపురం పలకల గనుల్లోకి జనం దిగి ఇరవై తొమ్మిదేళ్లయింది. రాతిని చూస్తూ బతకలేమని మొదటి ఏడే తేలిపోయింది. అప్పట్లో పూతగాళ్లు తమ పూతలు తామే తయారు చేసుకునేవారు. ఒక్క గోడకు నెల పట్టేది. తర్వాత కొట్టు వచ్చింది. అడిగిన రోజే, ముద్రతో సహా, ఏ లోపమూ లేని గోడ దిగుతుంటే నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది? కేశవులు కూడా నేర్చుకోలేదు. పాతికేళ్లుగా దింపి పరిచాడు, అంతే.

నాలుగో సొరంగం బడిగదికి కూడా అతనే పరిచాడు. ఏడు నెలల క్రితం అక్కడ ఉత్తరపు మూల రాతి పెచ్చు ఊడిపడింది. దాని వెనక రెండేళ్లుగా నీరు ఊరుతోందని తర్వాత తేలింది. తడి కొలవడానికి రాతిలో దించిన తడినాడులు ఆ సంగతి రోజూ చెబుతూనే ఉన్నాయి. ఆ అంకెలు మరమ్మతుల విభాగానికి వెళ్లి వరసలో ఉన్నాయి. గోడ మాత్రం చివరి నిమిషం దాకా పొడిగా, తెల్లగా, ఎండ పడుతూ కనిపించింది. ఆ మూల బల్ల మీద కూర్చున్నది కేశవులు కూతురు వకుళ. పదేళ్ల పిల్ల.

మనిషి ఎత్తు దాటని ఆ గదిలోకి తలవంచి జానీబేగం వచ్చింది. పరిచిన గోడలు చూసి ముద్ర వేసే అధికారి ఆమె. కేశవులు దగ్గరే పని నేర్చుకుని అతని కన్నా పైకి ఎదిగింది. ఏసుమణి టీచరు బల్లలు దింపించుకుని బయట కూర్చుందనీ, తొందరగా కానివ్వమనీ చెప్పింది. గోడలు చూసి తలాడించింది. ముద్ర వేయబోతుంటే కేశవులు ఆగమన్నాడు.

"ఒకటి చూపిస్తానమ్మా."

"మళ్లా నీ రాళ్ల సంగతేనా అన్నా? కొట్లో దొరికేదాని కోసం ఏడు నెలలు రాళ్లు తడుపుతా కూచున్నావని అందరూ నవ్వతన్నారు. నవ్వొద్దని చెప్పలేక నేను చస్తన్నా."

ఆ మాట నిజమే. అతను పలకరాయి ముక్కలు తడిపి, దీపం కింద పెట్టి, ఆరేదాకా చూసేవాడు. మొదట్లో పూతలో చేసిన తడి, సిరా ఒలికినట్టు కనిపించింది. రాయిని నల్లగా చేస్తే చాలనుకోవడం వల్ల వచ్చిన తప్పది. రాయి ఆరేటప్పుడు మెరుపు ముందు పోతుంది, నలుపు చాలాసేపు ఉంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా లెక్కకట్టడం తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ పూతను తడినాడులకు కలపడానికి ఇంకో రెండు. ముద్ర కోసం జానీబేగమే దాన్ని కొట్టుకు పంపింది. తడి చూపే గోడకు గిరాకీ లేదని వాళ్లు తిప్పి పంపారు.

కేశవులు చేతితెర మీద పూత మార్చాడు. నాలుగో గోడ కప్పు దగ్గర నల్లబడింది. నలుపు నడుము ఎత్తు దాకా జారి ఆగింది. దాని నడుమ సన్నటి మెరుపు.

జానీబేగం దగ్గరికి వెళ్లి వేలు పెట్టింది. పొర పొడిగానే ఉంది. అయినా వేలు కొంగుకు తుడుచుకుంది.

"ఇది నిజంగా ఉందా దీని వెనక?"

"ఉంది. తక్కిన మూడు గోడల్లో ఒకటే పొడి."

ఆమె గుమ్మం బయటికి ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. ముద్రలేని పూత పరిస్తే అతని పనిముద్ర తీసేస్తారు. పనిముద్ర లేనివాడికి కింద గూడు ఉండదు. పైన యాభై ఎనిమిది డిగ్రీలు. అది చెప్పాక అసలు మాట అడిగింది.

"చూసి ఏం చేస్తారన్నా జనం? యాడికి పోతారు? తెలవకపోతే రాత్రి నిద్రన్నా పడతది."

"నా బిడ్డ ఇంకో బల్ల మీద కూచునేదమ్మా."

జానీబేగం ముద్ర వేయలేదు. వద్దని కూడా అనలేదు. ముద్రపెట్టె సంచిలో పెట్టుకుని, భోజనానికి పోతున్నానని చెప్పి బయటికి నడిచింది.

కేశవులు ఒక్క గోడతో ఆగిపోవచ్చు. సాయంత్రం తనిఖీలో దాన్ని తుడిచేస్తారు, అంతే. కానీ గనిలోని సున్నపుగోడలన్నీ ఒకే మూలపూత నుంచి పుడతాయి. పాత పూతగాడిగా దాని తాళంచెవి అతని దగ్గర ఉంది. మూలపూత తెరిచాడు. నునుపు, రంగు, వెలుగు, నీడ. తడికి అందులో చోటే లేదు. చోటు చేసి, నాడులు కలిపాడు. నలభై సొరంగాల్లో ఎవరి తల మీద ఏముందో అతనికీ తెలియదు. అయినా నొక్కాడు.

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఎనిమిదో సొరంగం వైపు నుంచి మంచాలు ఈడుస్తున్న చప్పుడు వచ్చింది. పదో సొరంగం నుంచి కూడా. ఎవరో ఒకామె పిల్లల్ని పేర్లు పెట్టి పిలుస్తోంది. కేకలు లేవు. సామాన్లు జరుగుతున్న చప్పుడు మాత్రం ఒక సొరంగం నుంచి ఇంకో సొరంగానికి పాకుతూ పోయింది.

ఏసుమణి టీచరు గుమ్మంలో నిలబడి నాలుగు గోడల్నీ వరసగా చూసింది. ఇదేమిటని అడగలేదు. నాలుగో సొరంగంలో ఆ రోజు పాఠం చెబుతున్నది ఆమే. అడుగులు వేస్తూ తూర్పు గోడ వెంట కొలిచింది.

"ఇదొక్కటే పొడిగా ఉంది. దీని పక్కన పదకొండు మంది పడతారు. రేపు ముప్పై ఒక్కమంది వస్తారు కేశవులు గారూ. ఎవర్ని కూచోబెట్టమంటారు?"

ఏడు నెలలుగా కేశవులు మనసులో ఒక్క పిల్లనే ఆ బల్ల నుంచి ఈ బల్లకు జరుపుతూ వచ్చాడు. మిగతావాళ్లను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

టీచరు జవాబు కోసం చూడలేదు. బయటికి వెళ్లి, మొదటి బల్ల ఒక కొన పట్టుకుని, రెండో కొన అతను పట్టుకునేదాకా వంగి నిలబడింది.