వైరు పీకినా పలికిన డబ్బా

సాయంత్రం 6:42. దుబాయ్ కరామాలో ఒక మూడో అంతస్తు ఫ్లాట్. ఇంటర్నెట్ పోయింది.

చివరిసారి దాన్ని ప్రాణాలతో చూసినవాడు రాజబాబు. 6:41కి గుత్తొంకాయ వీడియో చూస్తున్నాడు. నూనె కాగింది. ఆవాలు పడబోయాయి. అంతే. గిర్రున తిరిగే సున్నా.

ఇది తొమ్మిదో రోజు.

7:05కి బెల్ మోగింది. ఆడమనిషి వస్తోందని తెలిసి అప్పటికే ఫ్లాట్లో ఉండే ముగ్గురూ లుంగీలు మార్చి ప్యాంట్లెక్కించారు.

వచ్చింది వీరదుర్గ. కాకినాడ మనిషి. ఒక ఆఫీసులో నెట్‌వర్క్ సపోర్ట్. ఎవరింట్లో నెట్ చచ్చినా తెలుగువాళ్ళు ముందు ఆవిడకే ఫోన్ చేస్తారు. కంపెనీకి చేస్తే ఎంతమంది పంచుకుంటున్నారని అడుగుతారు.

"బాడీ ఎక్కడ?" అంది.

రాజబాబు హాల్లో మూల చూపించాడు. ఆఫీసువాళ్ళు పారేసిన పాత కంప్యూటర్. అందులో లినక్స్. ఒక పక్క సిమ్ డాంగిల్. ఇంకో పక్క వైఫై పెట్టెకి వైరు. ఒక్క సిమ్ నెట్‌ని ఫ్లాటంతటికీ పంచే డబ్బా. వీడియోలు చూసి రాజబాబే కట్టాడు. బొట్టు కూడా పెట్టాడు.

"నెట్ ఎప్పుడు పోతుంది?"

"రోజూ 6:40, 6:45 మధ్యండి."

"ఎప్పుడొస్తుంది?"

"పొద్దున్న 7:15కి. దానంతటదే."

"ఆదివారం?"

"రోజంతా ఉండదండి."

"6:40కి ఇంట్లోకి ఎవరొస్తారు?"

రాజబాబు నేల చూశాడు. జవాబు సోఫాలోంచి వచ్చింది. జగన్మోహనరావు. అకౌంటెంట్. చేతికి ఐదు ఉంగరాలు.

"ఇంకెవరమ్మా, ఆయనే." గుమ్మం దగ్గర నిలబడ్డ హిదాయతుల్లా వైపు గడ్డం ఎగరేశాడు. "ఆయనొచ్చి పదకొండు రోజులు. నెట్ పోయి తొమ్మిది. ఎనిమిదింటికల్లా ఖాళీ చెయ్యమన్నాం."

హిదాయతుల్లా ఏసీ మెకానిక్. జగిత్యాల మనిషి. సూట్‌కేసు కట్టేసి ఉంది. అద్దెకి ఇంకో మంచం, ఇక్కడి మాటలో బెడ్‌స్పేస్, దొరకలేదు. ఎనిమిది దాటితే ఆయనకి మెట్లే గతి.

"మీరూ అదే టైముకి వస్తారా జగన్మోహనరావు గారూ?"

"బస్సు ఒకటేనమ్మా. మనుషులు వేరు."

"నా ఫోన్లనే నెట్ రాదు మేడమ్," అన్నాడు హిదాయతుల్లా. "దొంగతనం నేనెట్ల జేస్త? ఎవ్వడన్న తన జేబు తనే కొట్టుకుంటడా?"

"అదే వాళ్ళ తెలివి," అన్నాడు జగన్మోహనరావు.

రాజబాబు గొంతు సవరించుకున్నాడు. "ప్రూఫ్ ఉందండి. లాప్‌టాప్‌లోంచి డబ్బాని పింగ్ చేస్తే, అంటే ఉన్నావా అని పిలిస్తే, టకటకా జవాబిస్తోంది. డబ్బా బతికే ఉంది. నెట్ మాత్రం లేదు. మధ్యలో ఎవరో లాగేస్తున్నారన్నమాటే కదండీ?"

"మీ డబ్బా నంబరెంత?"

"చివర ఒకటండి."

ఈ ఫ్లాట్లో ప్రతి ఫోనుకీ ఒక నంబరు. ఏం కావాలన్నా అన్ని ఫోన్లూ ఒకటో నంబరునే అడుగుతాయి. అది బయటికెళ్ళి తెచ్చిస్తుంది. నంబర్లు వాటంతటవే వచ్చే ఏర్పాటు రాజబాబు పెట్టలేదు. పెడితే పక్క ఫ్లాట్ వాళ్ళు దూరతారని భయం. రేషన్ కార్డుల్లాగా తనే పంచాడు. తనకి పది. హిదాయతుల్లాకి పధ్నాలుగు. జగన్మోహనరావుకి పదిహేడు. ఎవరి ఫోన్లో వాళ్ళు చేత్తో కొట్టుకోవాలి.

వీరదుర్గ డబ్బా ముందు కూర్చుని, అది తన పనంతా రాసుకునే లాగ్ తెరిచింది. రెండు నిమిషాలు చదివింది.

"సిమ్ ఒక్కసారి కూడా తెగలేదు. 6:42 నుంచి ఈ డబ్బాని ఎవరూ ఏమీ అడగలేదు. దొంగతనం జరగలేదండీ. ఇది ఖాళీగా కూర్చుంది."

"మరి పింగ్‌కి జవాబిస్తోంది కదండీ!"

"చూద్దాం."

7:22. ఆవిడ రాజబాబు లాప్‌టాప్‌లో పింగ్ మొదలుపెట్టింది. జవాబు. జవాబు. జవాబు. వంగి, డబ్బాకీ వైఫై పెట్టెకీ మధ్యనున్న వైరు పీకేసింది.

జవాబు. జవాబు. జవాబు.

రాజబాబు రెండడుగులు వెనక్కేశాడు. "అమ్మో! దెయ్యమండీ."

"దెయ్యం కాదు. ఈ గదిలోనే ఇంకొకరు ఒకటో నంబరు పెట్టుకుని కూర్చున్నారు. ఫోన్లన్నీ బల్ల మీద పెట్టండి. హిదాయతుల్లా గారూ, మీ వైఫై ఆపండి."

ఆపాడు. జవాబు ఆగలేదు.

"రాజబాబు గారూ."

ఆగలేదు.

"జగన్మోహనరావు గారూ."

"నాదెందుకమ్మా? నేను కంప్లయింట్ ఇచ్చినవాణ్ణి."

"ఆపండి."

ఐదు ఉంగరాల చెయ్యి మెల్లగా కదిలింది. స్క్రీన్ మీద జవాబు ఆగిపోయింది.

వీరదుర్గ ఆయన ఫోన్ సెట్టింగ్స్ తెరిచి అందరికీ చూపించింది. పదిహేడు ఉండాల్సిన చోట ఒకటి.

"ప్రమోషన్ రాలేదమ్మా," అన్నాడు జగన్మోహనరావు. "విజయవాడలో న్యూమరాలజిస్టుని అడిగితే, చుట్టూ ఉన్న నంబర్లన్నీ చెప్పమన్నాడు. పదిహేడంటే ఒకటీ ఏడూ ఎనిమిది. శని. ఒకటి సూర్యుడు. మార్చేశాను."

"ఫోన్లన్నీ ఒకటెవరని అరుస్తాయి. మీ ఫోను నేనేనంటుంది. తొమ్మిది రోజులుగా అందరూ మీ జేబు దగ్గర క్యూ కడుతున్నారు. మీకూ నెట్ రాలేదుగా? అనుమానం రాలేదా?"

"మొదట్లో కష్టాలొస్తాయి, నలభై ఒక్క రోజులు ఓర్చుకోమన్నాడమ్మా. ఇంకా ముప్పై రెండు ఉన్నాయి."

"పంతొమ్మిది పెట్టుకోండి. ఒకటీ తొమ్మిదీ పది. పదంటే మళ్ళీ మీ సూర్యుడే."

ఆయన మొహం వెలిగింది. తప్పు బయటపడ్డ మనిషి మొహం అలా వెలగడం వీరదుర్గ తన సర్వీసులో చూడలేదు. నంబరు మార్చింది. వైరు పెట్టింది. 7:34కి నెట్ వచ్చింది.

రాజబాబు హిదాయతుల్లా భుజం తట్టాడు. "ఉండిపో భాయ్. ఖలాస్. అయిపోయింది."

"నాకు అయిపోలే." హిదాయతుల్లా కదల్లేదు. "నల్గురిల దొంగన్నరు. నల్గురిలనే మాఫీ అడగాలె. అప్పుడు ఉంట."

రాజబాబు జగన్మోహనరావు వైపు చూశాడు. జగన్మోహనరావు పంతొమ్మిది వైపు చూశాడు.

"సారీ," అన్నాడు.

"బస్సుల కాలు తొక్కితే గూడ గదే అంటరు సార్. మన తెలుగుల చెప్పుండ్రి."

తెలుగులో ఆ మాట జగన్మోహనరావు నలభై ఆరేళ్ళలో ఎవరితోనూ అనలేదు. పెళ్ళాంతో అసలే అనలేదు. సీలింగ్ చూశాడు. ఉంగరాలు తిప్పుకున్నాడు. రాజబాబు ఫ్యాన్ ఆపేశాడు, సరిగ్గా వినబడాలని.

7:41కి, నిలబడి, అన్నాడు.

హిదాయతుల్లా వెళ్ళి తన మంచం మీద కూర్చున్నాడు.